టీచరమ్మ మింగిన మాట

1992, జనవరి 23, గురువారం

పంచాయతీ ఆఫీసుకు టీవీ వచ్చి రెండు నెలలైంది. ఇన్నాళ్ళూ జనం చేసిందల్లా బొమ్మ వస్తే సంతోషించడం, పోతే పగిడయ్యను తిట్టడం. పగిడయ్య పంచాయతీ అటెండరు. టీవీ పెట్టె తాళంచెవి అతని మొలతాడుకే వేలాడుతుంది.

పోయిన గురువారం నుంచి హిందీ సీరియల్ ఒకటి మొదలైంది. పదమూడు వారాలట. బల్‌దేవ్ అనే లారీ డ్రైవరు సరిహద్దు నుంచి మత్తుపొడి మోస్తుంటాడు. పాపం మంచివాడే. పెళ్ళాం పేరు లాజో. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు గాని ఒక్క ముక్క అర్థం కాదు. ఈ ఊరు సగం కోయగూడెం, సగం లంబాడీ తండా. నాకు తప్ప ఎవరికీ హిందీ రాదు.

నాగక్క ముసలిది ఉండబట్టలేక అడిగింది, "గాడు గంతగనం ఎందుకు మొత్తుకుంటుండమ్మా?" అని. చెప్పాను. ఆ పక్కవాళ్ళు ఇంకోటి అడిగారు. అదీ చెప్పాను. ఇవాళ వెళ్ళేసరికి టీవీ పక్కన నాకు కుర్చీ వేసి ఉంది.

పద్నాలుగేళ్ళ సర్వీసులో హిందీ పండిట్‌కి కుర్చీ వేసిన ఊరు ఇదొక్కటే. మిగతా చోట్ల లెక్కల మాస్టారికి సిలబస్ మిగిలితే నా పీరియడ్ లాక్కునేవాళ్ళు.

జనవరి 30, గురువారం

బొమ్మలో ఒకళ్ళు మాట్లాడటం, ఆగగానే నేను తెలుగులో అందుకోవడం. కుదిరింది. గొంతు పోయింది గాని బాగుంది.

ఒక్క మంగ్లితోనే చిరాకు. తండాలో జీపు డ్రైవర్ రూప్లా భార్య. నేను చెప్పకముందే నవ్వుతుంది. బొమ్మ చూసే నవ్వుతుందనుకుంటా. మిగతావాళ్ళు నేను చెప్పాక నవ్వుతారు, అది పద్ధతి.

ఫిబ్రవరి 8, రెండో శనివారం, ఏన్కూరు

ఎప్పటిలాగే రూప్లా జీపులో భద్రాచలం దాకా, అక్కణ్ణుంచి బస్సుల్లో ఇక్కడికి, మా ఇంటికి. నా జాగా ఎప్పుడూ ముందు సీటే. వెనక చింతపండు బస్తాలు, వాటి మీద మనుషులు. కిరాయి ఇస్తే రూప్లా పుచ్చుకోడు. "మా జమ్లికి సదువు చెప్తున్నరు, మీ దగ్గర పైసలేంది టీచరమ్మా" అంటాడు. మర్యాద తెలిసినవాడు. చెక్‌పోస్టు దగ్గర జవాను నన్ను చూసి నమస్తే పెట్టి అడ్డకర్ర ఎత్తేస్తాడు. పర్ణశాల యాత్రికుల జీపుల్ని మాత్రం దింపి మరీ వెతుకుతారు, పాపం.

ఆయన అన్నం వండి ఉంచారు. సొసైటీలో గుమస్తా గదా, అన్నం కూడా కొలిచినట్టే వండుతారు, ఇద్దరికి సరిగ్గా ఇద్దరికే. తిన్నాం. పేపరు చదువుకున్నారు.

నేను చర్ల వైపు పోస్టింగ్‌కి వెళ్ళి నాలుగేళ్ళు. మొదట్లో ఉద్యోగం మానెయ్యమనేవారు, మాననన్నాను. తర్వాత ట్రాన్స్‌ఫర్ పెట్టుకోమనేవారు. ఇప్పుడు అదీ అనడం లేదు. అనడం లేదని నాకు కోపం. ఈ మాట ఆయనకు చెప్పలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

మాస్టార్లు చాలక ఒకటో తరగతీ నేనే చూస్తున్నాను. ఇవాళ క్లాసులో జమ్లి అదరగొట్టింది. నీళ్ళను హిందీలో ఏమంటారో నేను చెప్పబోతుంటే ముందే "పాణి" అంది. ఇంటిని? "ఘర్." కొడుకుని? "బేటా." ఆరేళ్ళ పిల్ల, జనవరిలో బడిలో చేరింది. నా బోధన మీద నాకే ముచ్చటేసింది. "ణ" కాదే, "న" అని సరిదిద్దాను.

సీరియల్లో పోలీసుల గొడవ పెరిగింది. నాగక్క బల్‌దేవ్ కోసం ముత్యాలమ్మకు కోడిని మొక్కింది.

మార్చి 5, గురువారం

ఇవాళ మనసు బాగాలేదు.

సీరియల్లో బల్‌దేవ్ ఒక బడిపంతుల్ని లారీ ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. కిరాయి వద్దన్నాడు. పంతులు దిగిపోయాక క్లీనరు అడుగుతాడు, ఈ ముసలాయన్ని రోజూ ఊరికే ఎందుకు మోస్తావని. బల్‌దేవ్ నవ్వుతాడు. మాస్టర్జీ ముందు కూర్చుంటే ఏ చెక్‌పోస్టువాడు ఆపుతాడురా, అంటాడు.

నేను నోరు తెరిచాను. నలభైమంది నా మొహంకేసి చూస్తున్నారు. "ముసలాయనకు కాళ్ళ నొప్పులని ఎక్కించుకుంటున్నాడట" అన్నాను. నాగక్క మంచోడంది. మంగ్లి తల దించుకుని కొంగుతో జమ్లి మూతి తుడుస్తూ కూర్చుంది. ఆ మూతికి అంటుకున్నదేమీ లేదు.

మార్చి 6

చింతపండు వాసన నాకు తెలియదా? మధిరలో మా పుట్టింటి నిండా అదే. రూప్లా జీపులో చింతపండు వాసన పైపైన. కింద ఇంకోటి, పచ్చిది, తలపట్టేది. డీజిల్ అనుకున్నాను. రెండేళ్ళుగా డీజిల్ అనుకున్నాను.

సరిహద్దు అవతల కొండల్లో గంజాయి వేస్తారని అందరికీ తెలుసు. అది ఎవరి కాళ్ళ కింద నుంచి పోతోందో మాత్రం నాకు తెలియలేదు. నా కాళ్ళ కింద నుంచే.

దొరికితే పదేళ్ళకు తక్కువ వేయరట, బెయిలు కూడా రాదట. స్టాఫ్‌రూములో మాస్టార్లు ఎప్పుడో పేపర్లో చదివి చెప్పుకున్నారు. పదేళ్ళకు జమ్లికి పదహారొస్తాయి.

జీపు రూప్లాది కాదు. చర్లలో ఉండే ఒక షావుకారుది. అడవి మీద బతికే మనిషికి స్టీరింగ్ చేతికిస్తే ఏం చేస్తాడు? ఇలా అనుకుని నేను అతన్ని వెనకేసుకొస్తున్నాను. కోపం రావాలి నాకు. వస్తోంది కూడా. కానీ పోలీసు క్యాంపు వైపు నడుద్దామని చెప్పులు వేసుకుంటే, కాళ్ళు మంచినీళ్ళ బోరు దాకా వెళ్ళి తిరిగొచ్చాయి.

మార్చి 12, గురువారం

అనువాదం అంటే మాటకు మాట పెట్టడం కాదు, భావం ముఖ్యం. హిందీ విశారద పరీక్షలో ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నాను.

కాబట్టి ఇవాళ బల్‌దేవ్ "ఈ ఒక్క ట్రిప్పు అయ్యాక రాజాలా బతుకుతా" అన్నప్పుడు, "ఈ పని చేసినవాడు ఒక్కడూ ముసలివాడు కాలేదు" అని చెప్పాను. చెడ్డ అనువాదమేమీ కాదు. కథ ఎటు పోతుందో నాకు తెలుసు గదా, ముందే చెప్పానంతే.

రూప్లా వెనక గోడకానుకుని బీడీ కాలుస్తుంటాడు. అతని కోసమని కాదు. కుర్చీ అటు తిరిగి ఉంది, అందుకని అటు చూసి చెప్పాను.

మార్చి 14, రెండో శనివారం, ఏన్కూరు

బస్సు కోసం నిలబడితే గంట. మోకాళ్ళు నొప్పి. అందుకని జీపే ఎక్కాను.

చెక్‌పోస్టు దగ్గర నమస్తే పెట్టారు. తిరిగి పెట్టాను.

మార్చి 15, ఏన్కూరు

రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన లేచి మంచినీళ్ళిచ్చారు, ఒంట్లో బాగాలేదా అన్నారు. బాగానే ఉందన్నాను. ఇంకొక్కసారి అడిగితే అంతా చెప్పేసేదాన్ని. అడగలేదు. గ్లాసు తీసుకెళ్ళి కడిగి బోర్లించారు.

మార్చి 19, గురువారం

లాజోకు ఇవాళే నిజం తెలిసింది. బల్‌దేవ్ బుకాయించలేదు, నోట్ల కట్ట తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. లాజో దాన్ని ముట్టుకోలేదు. అతని చొక్కా గుండీ పట్టుకుని, ఏడవకుండా, మెల్లగా అంది: "ముఝే తేరా పైసా నహీ, తూ చాహియే."

నాకు నీ డబ్బు కాదు, నువ్వు కావాలి.

ఎంత చిన్న వాక్యం! ఆరో తరగతి పిల్లలకిచ్చినా తెలుగు చేస్తారు. కానీ నలభైమంది ఎదుట, మగవాళ్ళ ఎదుట, ఆ మాట ఎలా అంటాను? నేను నా జన్మలో ఎవరితోనూ అనని మాట.

"అన్నం తిని పొమ్మంటోంది" అన్నాను.

నాగక్క తలూపింది. మంగ్లి ఫక్కున నవ్వింది. తర్వాత చాలాసేపు నా వైపే చూసింది. అన్నం మాటలో నవ్వడానికేముందో నాకర్థం కాలేదు.

మార్చి 26, గురువారం

కరెంటు లేదు. ఇవాళ్టి భాగం పోయింది. పోనీలే, నాలుగు కాగితాలు దిద్దుకోవచ్చని కూర్చుంటే పాతికమంది బడి అరుగు మీదికొచ్చారు, కథేమై ఉంటుందో చెప్పమని.

నేను చూడలేదంటే వినరు. హిందీ వచ్చినదానికి చూడనిది కూడా తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. సరే, చెప్పాను. బల్‌దేవ్ కూతురికి జ్వరమొచ్చిందన్నాను. ట్రిప్పు మీద ఉన్నవాడికి కబురందలేదన్నాను. ఆ పిల్ల కలవరిస్తూ తలుపు వైపే చూస్తోందన్నాను.

సీరియల్లో బల్‌దేవ్‌కు పిల్లలే లేరు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చీకట్లో బీడీ నిప్పు ఒకటి కదలకుండా ఆగి ఉంది.

మంగ్లి లేస్తూ, "గా పిల్ల పేరేంది టీచరమ్మా?" అంది.

ఇంకా పెట్టలేదన్నాను. పెట్టలేదనడమేమిటి, తెలియదనాలి. నోరు జారింది.

ఏప్రిల్ 2, గురువారం

సీరియల్ కంటే ముందు రూప్లా వచ్చాడు. వచ్చే వారం శనివారం శ్రీరామనవమి. కల్యాణానికి జనం విరగబడతారు, పోలీసులంతా గుడి దగ్గరే ఉంటారు, చెక్‌పోస్టులో ఎవరినీ సరిగ్గా చూడరు. ఇవన్నీ అతను అనలేదు, నేను అనుకున్నాను. అతను అన్నది వేరు.

"నవమికి మీరు తప్పకుంట రావాలె టీచరమ్మా. ముందర సీటు మీదే. ఇప్పపువ్వు బస్తాలు జర ఎక్కువుంటయి, మీకేం ఇబ్బంది కాదు."

మంగ్లినీ జమ్లినీ కూడా తీసుకెళ్తున్నావా అని అడిగాను. అవ్, అన్నాడు. నా మొహంలోకి చూడలేదు. జమ్లికి కొత్త గౌను కొన్నాడట.

ఆ క్షణంలో అడిగేయాల్సింది. బస్తాలో ఏముందయ్యా అని ఒక్క మాట. బదులుగా గౌను ఏం రంగని అడిగాను. ఎర్రదట.

ఏప్రిల్ 9, గురువారం

చివరి భాగం.

కోయగూడెం, తండా మొత్తం వచ్చింది. యాంటెన్నా కట్టిన వెదురుబొంగును పగిడయ్య ఒక బెత్తెడు ఇటు, ఒక బెత్తెడు అటు తిప్పుతూనే ఉన్నాడు. నాకు మాత్రం పొద్దున్నుంచీ ఒకటే గుబులు. బల్‌దేవ్‌ను చంపేస్తారు. అలాంటి కథలు అలాగే ముగుస్తాయి. బొమ్మలో శవం కనబడుతుంటే అనువాదం ఏం చేయగలదు? నోటిమాటైతే మింగొచ్చు. శవాన్ని మింగలేం.

బల్‌దేవ్ లారీ ఎక్కాడు. ఎదురుగా చెక్‌పోస్టు. చెట్ల వెనక తుపాకులు. రోడ్డు పక్కన లాజో చెయ్యి చాపి నిలబడింది. బల్‌దేవ్ బ్రేకు మీద కాలు పెట్టాడు.

కరెంటు పోయింది.

ఎవరూ కదల్లేదు. పగిడయ్య లాంతరు వెలిగించాడు. పావుగంట చూశాం. నాగక్క నా మోకాలు పట్టుకుని, "బతికిండా లేదా, సెప్పమ్మా" అంది.

చెప్పాను. బల్‌దేవ్ దిగాడన్నాను. తాళంచెవులు సీటు మీద పెట్టి, బండిని అక్కడే వదిలేసి, పొలాలకడ్డంపడి నడిచి ఇంటికి వెళ్ళాడన్నాను. నవ్వొచ్చే ముగింపు, నాకు తెలుసు. అలా దిగితే పోలీసులు ఊరుకుంటారా, సరుకిచ్చినవాడు ఊరుకుంటాడా? పగిడయ్య ఆ మాట అడగనే అడిగాడు.

వెనక గోడ వైపు చూస్తూ, ఈసారి కుర్చీ వంక పెట్టకుండా, "సరుకిచ్చినవాడు ఊరుకోడు. రెండు దెబ్బలు కొడతాడు. దెబ్బలు తగ్గిపోతాయి" అన్నాను.

కథ అయిపోయిందని అందరూ లేచారు. నాగక్క రేపే కోడిని కోస్తానంది. ఆ ముసలిదాన్ని మోసం చేశానని కొంచెం బాధేసింది.

ఏప్రిల్ 10, శుక్రవారం

ఉదయం బడి గంటకు ముందే మంగ్లి వచ్చింది. దొప్పలో ఇప్పపువ్వు తెచ్చింది. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"రేపు మీరు జీపు ఎక్కొద్దు టీచరమ్మా" అంది.

నేను ఏమీ తెలియనట్టు ఎందుకన్నాను. ఇంకా నటించాలా నేను?

"మీకెర్కే. గా పంతులు ముందర సీట్ల కూసున్న దినమే మీ మొకం చూసిన. కాళ్ళ నొప్పులని చెప్పిన్రు. చెక్‌పోస్టోడు ఆపడని గదా బల్‌దేవ్ అన్నది?"

ఆ ముక్క నీకెట్లా తెలుసే అన్నాను.

"మా బాసకు దగ్గరే గదా. మొత్తం గాదు గని, చానా తెలుస్తది. పాణి అంటే పాణే. ఘర్ అంటే ఘరే."

పద్నాలుగేళ్ళు! పద్నాలుగేళ్ళ హిందీ పండిట్‌ని. ఉత్తరాది మాటలకూ లంబాడీ బాసకూ చుట్టరికముందని ఎక్కడో చదివాను కూడా. కుర్చీ వేసేసరికి మర్చిపోయాను. జమ్లి "పాణి" అంటే నా గొప్పనుకున్నాను, పైగా "ణ" తప్పని దిద్దాను. తండా సగం నా అనువాదాన్ని పదమూడు వారాలుగా కూర్చుని విన్నారన్నమాట, ఏది వదిలేశానో ఏది కలిపానో అంతా తెలిసి. మరి ఒక్కళ్ళూ అనలేదేమే అంటే, మంగ్లికి సిగ్గేసింది. "మీరు చెప్తే మంచిగుంటది గద. బొమ్మల కత కన్న మీ కతే మంచిగుంటది."

ఏడుపొచ్చింది నాకు. ఇంత మర్యాద నాకెవరు చేశారు?

అప్పుడు చెప్పింది అసలు సంగతి. నేనడగలేదు.

"లాజో మాట మీరు మింగిన్రు. అన్నం తినమన్నదన్నరు. నాకు నవ్వొచ్చింది, ఇంటికి పోయినంక ఏడుపొచ్చింది. మా ఆయనకు అవతలి రాష్ట్రం హిందీ మంచిగనే ఎరుక, గాయన కూడ విన్నడు. విని విననట్టున్నడు. నిన్న రాత్రి బువ్వ పెట్టి గుండీ పట్టుకుని గదే మాట అన్న. మా బాసల."

తన బాసలో ఆ వాక్యం నాకు చెప్పి చూపించింది. నహీ అన్నచోట కోని అంది. మిగతాదంతా దాదాపు అదే. పదమూడు వారాల్లో నేను చేయలేని అనువాదం.

అతనేమన్నాడని అడిగాను.

"ఏమనలే. బీడీ ఆర్పిండు. తెల్లారంగనే తాళంచెవులు తీసుకుని చర్లకు నడిచిపోయిండు, షావుకారికి ఇచ్చొస్తనని. ఇంకా రాలే."

ఇద్దరం రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాం. బడి గంట కొట్టడం మర్చిపోయాను.

అదే రోజు, సాయంత్రం

వచ్చాడు. ఎడమ చెంప వాచింది, పై పెదవి చిట్లింది. కాని వచ్చాడు. జమ్లి పరిగెత్తి మెడకు వేలాడింది. దూరం నుంచే చూసి లోపలికొచ్చేశాను.

ఏప్రిల్ 11, శనివారం, ఏన్కూరు

పొద్దున నలుగురం బస్సు కోసం నిలబడ్డాం. రూప్లా భుజం మీద ఎర్ర గౌనులో జమ్లి. గౌను కొన్నాం గదా, కల్యాణం చూడకుండా ఎట్లా అన్నాడు. పెదవి వాపుకు మాట తేడాగా వస్తోంది. జీపు మా ముందు నుంచే పోయింది, ఆగలేదు. నడిపేది ఎవరో కొత్తవాడు, ఇరవై ఐదేళ్ళుంటాయేమో. ముందు సీటు ఖాళీ. దుమ్ము మా మొహాల మీద పడింది.

బస్సులో నిలబడే వెళ్ళాం. చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగిపోయింది. పక్కన అదే జీపు. బస్తాలు కింద పడేసి కోసేశారు. ఇప్పపువ్వు నేల నిండా ఒలికిపోయి ఉంది, దాని మధ్య ఆకుపచ్చటి ముద్దలు. ఆ కుర్రాణ్ణి చేతులు వెనక్కి కట్టి కూర్చోబెట్టారు. చెప్పులు కూడా లేవు.

రూప్లా చూశాడు. జమ్లి ఏంది ఏందంటోంది. మంగ్లి పిల్ల మొహాన్ని తన కడుపుకు అదుముకుని, ఎవరితోనూ కాకుండా అంది, "గా పిలగాని ఇంట్ల ఎవరున్నరో."

సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. లాజో అన్న మాట వాడి ఇంట్లో ఎవరూ అనలేదు కాబోలు. అన్నా వినలేదో. లేక నాలాగే ఎవరైనా మింగారో.

ఎప్పుడూ నమస్తే పెట్టే జవాను బస్సెక్కాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. "టీచరమ్మా, ఇయ్యాల జీపుల రాలేదా?"

"బస్సే సుఖం నాయనా" అన్నాను.

భద్రాచలంలో వాళ్ళు ముగ్గురూ గుడి వైపు వెళ్ళిపోయారు, జనంలో ఎర్ర గౌను కొంతదూరం కనిపించింది. రూప్లా వెళ్తూ వెళ్తూ ఆగి, వచ్చే నెల తునికాకు కోతకు పోతానని, జమ్లిని బడి మాన్పించనని చెప్పాడు. ఇంకేదో అనబోయి రెండు చేతులు జోడించాడు. ముందు సీటుకు క్షమాపణ అది. తీసుకున్నాను.

ఏప్రిల్ 12, ఆదివారం, ఏన్కూరు

నిన్న రాత్రి అన్నం దగ్గర ఆయనకు అంతా చెప్పాను. జీపు, బస్తాలు, సీరియల్, మంగ్లి. పేపరు మడిచి పక్కన పెట్టి విన్నారు. అంతా అయ్యాక, నీకేమైనా అయ్యుంటే అన్నారు, మజ్జిగ పోసుకున్నారు.

ఇవాళ పొద్దున తిరుగు బస్సుకు సంచీ సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. చొక్కా రెండో గుండీ ఊడి దారానికి వేలాడుతోంది. దాన్ని పట్టుకున్నాను. ధైర్యం చాలక హిందీలో అన్నాను. ఆయనకు హిందీ ఒక్క ముక్క రాదు, ఆ భరోసాతోనే.

"ముఝే తూ చాహియే."

"ఏమంటున్నావు?" అన్నారు.

అన్నం తిని పొమ్మని అనబోయాను. నోటిదాకా వచ్చింది కూడా.

తర్వాత తెలుగులో చెప్పాను. తూ అన్నచోట మీరు పెట్టాను. అంతకు మించి ఒక్క అక్షరం మార్చలేదు.